వాళ్లు ఇద్దరే, మీరు ముగ్గురు

"ఆగు! ఆగు! వెనక్కి రా!"

గ్రౌండ్ గీత అవతల నిలబడి ఒక మనిషి ఇలా అరిచాడు. లోపల మా బడి పిల్లలు ముగ్గురు బాల్‌తో దూసుకుపోతున్నారు. ఎదురుగా అవతలి జట్టు డిఫెండర్లు ఇద్దరే ఉన్నారు. వాళ్ల వెనక గోల్‌కీపర్. మిగతా వాళ్లంతా మా గోల్ వైపు వచ్చి ఇరుక్కుపోయారు. ఫుట్‌బాల్ తెలిసిన ఎవరినైనా అడగండి, అలాంటి అవకాశం ఆటలో ఎన్నిసార్లు వస్తుందో. దాని కోసమే నేను నెలల తరబడి ఆ పిల్లల ప్రాణాలు తోడాను. అంతా ఒక్క అరుపుతో పోయింది. తెలంగాణ వచ్చి కూడా ఏళ్లయింది. ఆ అరుపు గుర్తొస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది.

అప్పట్లో నేను కొత్తపేటలో ఒక ప్రైవేటు బడిలో పీఈటీని, అంటే ఆటల టీచర్‌ను. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడాను, డిఫెండర్‌గా. పెళ్లయ్యాక ఎల్‌బీ నగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఆ బడి మూడంతస్తుల భవనం. కింద సెల్లార్‌లో టీచర్ల బండ్లు, పైన రేకుల షెడ్డులో ప్రార్థన. గ్రౌండ్ అనే మాటే లేదు. గేమ్స్ పీరియడ్ అని టైమ్‌టేబుల్‌లో ఉండేది కానీ లెక్కల సార్ వచ్చి, "సిలబస్ వెనకబడింది మేడమ్" అని క్లాసు లాగేసుకునేవాడు. నా ఉద్యోగం పొద్దున వరసలు సరిచేయడం, లేటుగా వచ్చినవాళ్లను గేటు దగ్గర నిలబెట్టడం. ఒక ఏడాది బడివాళ్లు అడ్మిషన్ల పుస్తకంలో వేయడానికి ఆటల ఫొటో ఒకటి కావాలన్నారు. మగపిల్లలంతా క్రికెట్ అన్నారు. "అయితే ఆడపిల్లలతో ఫుట్‌బాల్ పెడతా సార్" అన్నాను. ఫొటో దిగితే చాలనుకున్నారు కాబట్టి సరేనన్నారు.

కర్మన్‌ఘాట్ పోయే దారిలో ఒక ఖాళీ జాగా ఉండేది. సగం తుమ్మ కంప, సగం ఎర్రమట్టి. అదే మా గ్రౌండ్. హద్దులకు చెప్పులు పెట్టేవాళ్లం. ఆ గుంపులో ఇద్దరు పిల్లల గురించి చెప్పాలి. ఒకరు మా కెప్టెన్. వాళ్లది గుంటూరు వైపు. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవాడు. పిల్ల నెమ్మదస్తురాలు, మాటకు ముందు "అండీ", వెనక "అండీ". బాల్ మాత్రం ఆ పిల్ల కాలికి అతుక్కుని ఉండేది. రెండో పిల్లది మా నల్లగొండ వైపే. నాన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో ట్రాలీ ఆటో నడిపేవాడు. ఆ పిల్లకు బాల్ మీద అదుపు తక్కువ, పరుగు ఎక్కువ. ఎడమ అంచున పెట్టాను. ఒకసారి పరుగందుకుంటే క్రికెట్ ఆడే పిల్లలు కూడా ఆట ఆపి చూసేవాళ్లు.

నేను వాళ్లకు మొదట నేర్పాలనుకున్నది ఒక్కటే. మనవాళ్లు ఎక్కువ, వాళ్లు తక్కువ ఉన్నప్పుడు ఏం చేయాలి? ఇద్దరు పోతుంటే ఎదురుగా ఒక్కతే ఉంది. బాల్ ఉన్న పిల్ల నేరుగా ఆ ఒక్కదాని మీదికి పోవాలి. పక్కకు కాదు, మీదికే. ఆమె నీ బాల్ కోసం అడుగు ముందుకు వేసేదాకా ఆగాలి. వేయగానే పక్కనున్న మన పిల్లకు ఇచ్చేయాలి. అంతే. కానీ ఆలస్యం చేస్తే వాళ్ల మిగతావాళ్లు పరిగెత్తుకొచ్చేస్తారు, లెక్క సమానమైపోతుంది. చెప్పడానికి ఇంత తేలికైన పని ఇంకొకటి లేదు.

చేయడం దగ్గరికొచ్చేసరికి నా బుర్ర వేడెక్కిపోయేది. ఎదురుగా డిఫెండర్ కనిపించగానే మా పిల్లలు ఆగిపోయేవాళ్లు. ఆగి వెనక్కి తిరిగేవాళ్లు. లేకపోతే డిఫెండర్ ఇంకా అంత దూరంలో ఉండగానే బాల్‌ను పక్కదానికి అంటగట్టి చేతులు దులుపుకునేవాళ్లు. అప్పుడు ఆ డిఫెండర్ హాయిగా నడుచుకుంటూ రెండో పిల్ల మీదికి పోయేది. ఇద్దరు ఉండి ఏం లాభం?

"ఎదురుంగ ఒక్కతే ఉన్నది! మీరు ఇద్దరున్నరు! ఇంకేం గావాలె మీకు?" అని గొంతు చించుకునేదాన్ని.

వాళ్లు తలలు దించుకునేవాళ్లు. అదింకా కోపం తెప్పించేది.

ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక పిల్లలతో కలిసి దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్ దాకా నడిచాను. ఫుట్‌పాత్ మీద మా వాళ్లు ఒక గుంపుగా పోతున్నారు. ఎదురుగా ఒకే ఒక్క కుర్రాడు ఫోన్ చూసుకుంటూ వస్తున్నాడు. వాడు తల కూడా ఎత్తలేదు. మా పిల్లలందరూ, ఎవరూ చెప్పకుండానే, ఒకరి వెనక ఒకరు రోడ్డు మీదికి దిగారు. వాడు పోయాక మళ్లీ ఎక్కారు. వెనక నుంచి ఒక ఆటో వాళ్లను రాసుకుంటూ పోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. వీళ్లకు ఇది ఎవరు నేర్పారు? ఇంట్లో నేర్పారు, గల్లీలో నేర్పారు, బడిలో వరస పేరుతో నేను కూడా నేర్పాను. పుట్టినప్పటి నుంచి తప్పుకోవడం నేర్చుకున్న పిల్లలను పట్టుకుని, వారంలో రెండు సాయంత్రాలు మీదికి పొమ్మని అరిస్తే ఎట్లా పోతారు?

మర్నాడు డిఫెండర్‌గా నేనే నిలబడ్డాను. కెప్టెన్‌ను, ఎడమ అంచు పిల్లను నా మీదికి రమ్మన్నాను. కెప్టెన్ ఎప్పటిలాగే దూరం నుంచే బాల్ వదిలేసింది.

"ఎందుకిచ్చినవ్ అప్పుడే?"

"మీరు మీదకొస్తుంటే భయమేసిందండీ."

"నాకు భయం గాలేదా? ఇద్దరు ఒస్తున్నరు నా మీదికి. ఎవల్ని ఆపాల్నో నాకు తెలుస్తలేదు. కాళ్లు ఒణుకుతున్నయి."

పిల్లలు నవ్వారు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నారు. వేళాకోళం కాదు. కాలేజీ రోజులంతా నేను ఆ చోటే నిలబడ్డాను. ఇద్దరు ఫార్వర్డ్‌లు పరిగెత్తుకొస్తుంటే ఒంటరిగా నిలబడటం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అందుకని ఒక్కొక్కరినీ నా స్థానంలో నిలబెట్టి, ఇద్దరేసి పిల్లలను వాళ్ల మీదికి పంపాను. ఎడమ అంచు పిల్ల మొదట నిలబడింది. రెండుసార్లు అటూ ఇటూ ఊగి, కాళ్లు మెలిపడి కింద పడి, లేచి దుమ్ము దులుపుకుంది.

"అమ్మో, గీడ నిలవడ్డోళ్లకే పరేషాన్ ఉన్నది మేడమ్! ఒచ్చేటోళ్లకేం లేదు!"

ఆ రోజు నుంచి ఆట మారింది. బాల్ ఉన్న పిల్ల డిఫెండర్ కళ్లలోకి చూస్తూ పోవడం మొదలైంది. రెండుకు ఒకటి అయ్యాక, మూడుకు రెండు నేర్పాను. మధ్యలో కెప్టెన్, ఎడమ అంచున ఈ పిల్ల, కుడి వైపు ఇంకో పిల్ల. ముగ్గురూ విడివిడిగా వెడల్పుగా పోవాలి. అప్పుడు ఇద్దరు డిఫెండర్లు ఎంత సాగినా ఒక సందు మిగులుతుంది.

అవి ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. వారానికో బంద్. బంద్ అంటే బడికి సెలవు. బస్సులుండవు. పిల్లలు నడిచే వచ్చేవాళ్లు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి అన్నాలు వండేవాళ్లు, డప్పులు, జెండాలు. జెర్సీలు వేసుకుని అంతమంది ఆడపిల్లలం పోతుంటే ఒక పెద్దామె గరిటె పట్టుకునే అడిగింది.

"ఏడికి బిడ్డా, గింతమంది?"

"బాల్ ఆడనీకి పోతున్నం అమ్మా."

"పోండ్రి. జర పైలం."

దారి ఇచ్చారు. నేను కూడా తెలంగాణ కావాలనుకున్న మనిషినే. సాయంత్రం ర్యాలీలకు పోయిన రోజులున్నాయి. అయితే ఆ వారంలోనే మా కెప్టెన్ రావడం మానేసింది. ఒకరోజు చూశాను, రెండు రోజులు చూశాను, ఇంటికే పోయాను. వాళ్లమ్మ తలుపు సగమే తీసింది.

"గొడవలుగా ఉందండీ. పంపలేం. ఏమనుకోకండి."

"నేనే దగ్గరుండి ఇంటికాడ దింపుతా అమ్మా."

ఆమె తటపటాయించింది. తర్వాత అనేసింది. "మీరు కూడా వాళ్లే కదండీ."

నాకు కోపం ఆగలేదు. "అవునమ్మా, వాళ్లమే. నాకు రాష్ట్రం గావాలె. అయితే ఏంది? మీ బిడ్డకు బాల్ ఇయ్యొద్దని ఏ మీటింగుల చెప్పిన్రు? గా ఎడమ దిక్కు ఉరికే పిల్ల రోజూ అడుగుతుంది, అక్క ఏదీ, అక్క రాకుంటే నాకు బాల్ ఎవలిస్తరు అని. ఆ పిల్లకేం జెప్పాలె?"

లోపల గదిలోంచి కెప్టెన్ గొంతు వినిపించింది. "అమ్మా, వెళ్తానే, ప్లీజ్." మర్నాటి నుంచి వాళ్ల నాన్న స్కూటర్ మీద తీసుకొచ్చేవాడు. ప్రాక్టీసు అయ్యేదాకా స్కూటర్ మీదే కూర్చుని పేపరు చదువుకునేవాడు. మర్యాదస్తుడు, నన్ను చూస్తే లేచి నిలబడేవాడు.

చలికాలంలో స్కూళ్ల టోర్నమెంటు పెట్టారు. మా పిల్లలు ఒక్కొక్క మ్యాచ్ గెలుస్తూ సెమీఫైనల్ దాకా వచ్చారు. అప్పుడు బడివాళ్లకు కళ్లు తెరుచుకున్నాయి. ఫొటో ఒక్కటే కాదు, షీల్డ్ కూడా వచ్చేటట్లుంది. వెంటనే బడి నడిపే కరస్పాండెంట్ తన బామ్మర్దిని తీసుకొచ్చి, "ఇక నుంచి సార్ స్పోర్ట్స్ ఇన్‌చార్జి" అన్నాడు. ఆయన ఎప్పుడో క్రికెట్ ఆడాడట. సెమీఫైనల్ రోజు కొత్త ట్రాక్‌సూట్, మెడలో విజిల్, నల్లకళ్లద్దాలతో వచ్చాడు. పిల్లల పేర్లు కూడా తెలియవు.

"మీరు వాటర్ బాటిల్స్, ఫస్ట్ ఎయిడ్ చూసుకోండమ్మా. లైన్ మీద నేనుంటా" అన్నాడు.

అమ్మా! నేను పళ్లు బిగబట్టుకున్నాను. పిల్లల ముందు గొడవెందుకని ఊరుకున్నాను.

సరూర్‌నగర్ వైపు ఒక గ్రౌండ్‌లో మ్యాచ్. మొదటి సగంలోనే మేము ఒక గోల్ ముందున్నాం. రెండో సగం చివరికొచ్చేసరికి అవతలి జట్టు తెగించి అందరూ ముందుకొచ్చేశారు. మా గోల్‌కీపర్ బాల్ పట్టుకుని గట్టిగా విసిరింది. ఎడమ అంచున మా పిల్ల అందుకుంది. అందుకుని పరుగు తీసింది. మధ్యలో కెప్టెన్, అటు పక్క మూడో పిల్ల, వెడల్పుగా, నేర్పినట్టే. ముందు ఇద్దరు డిఫెండర్లు. వాళ్లు వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. వాళ్ల భయం నాకు ఇక్కడిదాకా కనిపిస్తోంది. "పో, మీదికి పో" అని నాలో నేనే అంటున్నాను.

అప్పుడు అరిచాడు. విజిల్ కూడా ఊదాడు.

"ఆగు! ఆగు! వెనక్కి రా! గెలిచాం కదా, టైమ్ పాస్ చెయ్!"

పిల్ల ఆగింది. బాల్ మీద కాలు పెట్టి గీత వైపు చూసింది. పెద్దమనిషి, సారు, మగమనిషి అరిచాడు మరి. ఆ చూపు, ఆ ఒక్క ఆగడం చాలింది. అవతలి వాళ్లు పరిగెత్తుకొచ్చి చుట్టుముట్టారు, బాల్ లాక్కున్నారు. మా వాళ్లు ముగ్గురూ ముందు వైపే ఉండిపోయారు. ఇప్పుడు లెక్క తిరగబడింది, వాళ్లు ఎక్కువ, మేము తక్కువ. గోల్. సమానమైంది. పెనాల్టీలకు పోయింది. పెనాల్టీల్లో ఓడిపోయాం.

పిల్లలు గడ్డి మీద కూలబడి ఏడుస్తున్నారు. ఆయన వాళ్ల మధ్యకు పోయి నిలబడి, "మీకు డిఫెన్స్ రాదు. మీ మేడమ్ మీకు డిఫెన్స్ నేర్పలేదు. ఊరికే ముందుకు పరిగెత్తడమేనా ఆటంటే?" అన్నాడు.

ఎడమ అంచు పిల్ల లేచి నా దగ్గరికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "సారు ఆగమన్నడు మేడమ్. నేను ఆగిన. గాళ్లు ఇద్దరే ఉండిరి. నేనెందుకు ఆగిన మేడమ్?" అంది. ఆ పిల్ల ఎవరి మీద కోపపడాలో తెలియక తన మీద తనే కోపపడుతోంది. అది చూశాక నేను ఊరుకోలేకపోయాను.

నేరుగా ఆయన ముందుకు పోయాను. "సార్, మీరు ఎప్పుడన్న ఫుట్‌బాల్ ఆడిన్రా?"

"ఏంటమ్మా ఆ మాట?"

"గా పిల్ల పోతుంటే ఎందుకు ఆపిన్రు? ముగ్గురు పోతున్నరు, ఎదురుంగ ఇద్దరే ఉన్నరు. ఆటల ఇంతకన్న మంచి మోకా ఒస్తదా? ఆర్నెల్లు నేను నేర్పింది మీరు ఒక్క కూతకు ఆగం జేసిన్రు."

"గొంతు తగ్గించండి. అందరూ చూస్తున్నారు."

"చూడనీయండి! ఓడగొట్టింది మీరు. ఏడుస్తున్నది పిల్లలు. ముందుగాల పిల్లలకు సారీ చెప్పుండ్రి."

ఆయన నల్లకళ్లద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "నీ సంగతి బడిలో చూస్తాను" అని కారెక్కి వెళ్లిపోయాడు. అప్పటిదాకా అమ్మా అన్న మనిషి, నువ్వు అనడానికి క్షణం పట్టలేదు.

కెప్టెన్ నాన్న అక్కడే ఉన్నాడు. మొదటి నుంచి చివరిదాకా అంతా చూశాడు. కారు మలుపు తిరిగాక నా దగ్గరికొచ్చి మెల్లగా, "మీరన్నది కరెక్టేనండీ" అన్నాడు.

ఆయన మీద నాకు అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది. "ఆ మాట ఆయన ఉన్నప్పుడు అనొచ్చు గద సార్? మీరున్నరు, నేనున్న, ఇంతమంది తల్లిదండ్రులున్నరు. ఆయన ఒక్కడే ఉండె."

ఆయన మొహం చిన్నబోయింది. స్కూటర్ తీసుకుని కూతురిని ఎక్కించుకుని వెళ్లిపోయాడు. పాపం అనిపించలేదు నాకు. ఇప్పటికీ అనిపించదు. మంచివాళ్లందరూ అంతా అయిపోయాక వచ్చి చెవిలో చెప్పడమే నేను ఎక్కువ చూశాను.

మర్నాడు మూడో స్థానానికి మ్యాచ్. ఇన్‌చార్జి మళ్లీ వచ్చాడు, అదే ట్రాక్‌సూట్, అదే విజిల్. పిల్లలను గుండ్రంగా నిలబెట్టి ఏదో చెప్పబోయాడు. అప్పుడు మా కెప్టెన్, నోట్లో నాలుక లేదనుకున్న పిల్ల, అంది.

"సార్, ఏమనుకోకండి. ఆటలో మాకు మేడమ్ ఒక్కరే చెప్తే చాలండీ. ఇద్దరు చెప్తే మాకు తికమకగా ఉంటోంది."

మిగతా పిల్లలందరూ కెప్టెన్ వెనక వచ్చి నిలబడ్డారు. ఎవరూ తల దించుకోలేదు. ఆయన ఫోన్ వచ్చినట్టు నటించి పక్కకు పోయాడు.

మ్యాచ్ మొదట్లోనే మళ్లీ మూడుకు రెండు దొరికింది. ఎడమ అంచు పిల్లకు బాల్. ఈసారి ఆగలేదు. డిఫెండర్ మీదికి పోయింది, డిఫెండర్ ముందుకొచ్చింది, కెప్టెన్ పక్కన ఒంటరిగా నిలబడి చెయ్యెత్తింది. అయినా పిల్ల బాల్ ఇవ్వలేదు. తనే కొట్టింది. బాల్ గోల్ పైనుంచి పోయి తుప్పల్లో పడింది.

"పక్కన ఖాళీగ నిలవడ్డది గద! ఎందుకియ్యలేదే?" అని నేను చెప్పు తీసి నేలకేసి కొట్టాను.

"నిన్నటి కోపం మేడమ్!" అని అక్కడి నుంచే అరిచింది.

నాకు నవ్వు ఆగలేదు. ఆ రెండు రోజుల్లో అదొక్కటే నవ్వు.

రెండో సగంలో కెప్టెన్ బాల్ తీసుకుని మధ్యలోంచి పోయింది. ఎదురుగా ఒక్కతే. కెప్టెన్ ఆమె మీదికే పోయింది. ఇవ్వలేదు, ఇంకా ఇవ్వలేదు, ఆమె కాలు చాపేదాకా ఇవ్వలేదు. చాపగానే ఎడమకు తోసింది. ఎడమ అంచు పిల్ల పరుగు ఆపకుండానే కొట్టింది. గోల్‌కీపర్ కదిలే లోపల బాల్ లోపలుంది. ఆ ఒక్క గోల్‌తోనే గెలిచాం.

మూడో స్థానం షీల్డ్‌ను ఇన్‌చార్జి అందుకున్నాడు. ఫొటోలో మధ్యలో ఆయనే కూర్చున్నాడు. నన్ను ఫొటోకు పిలవలేదు. ఎడమ అంచు పిల్ల సగం ఆయన భుజం వెనక దాగిపోయింది. ఆ ఫొటోనే అడ్మిషన్ల పుస్తకం మొదటి పేజీలో వేశారు.

తర్వాతి వారం ప్రిన్సిపాల్ పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు.

"ఒక్క సారీ చెప్తే అయిపోతుంది కదమ్మా."

"దేనికి సార్?"

"ఆయన పెద్దాయన."

"పెద్దాయనే. ఆటల గాదు గద."

"ఇట్లా మాట్లాడితే నేనేం చేయగలను?"

"గ్రౌండ్‌ల ఏం జరిగిందో పిల్లల్ని పిలిచి అడగుండ్రి సార్. ఒక్కసారి అడగుండ్రి."

అడగలేదు. నేను సారీ చెప్పలేదు. ఆ ఏడాది పరీక్షల తర్వాత గేమ్స్ పీరియడ్ మొత్తం ఎత్తేసి ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు పెట్టారు. ఫుట్‌బాల్ జట్టు లేదన్నారు. నన్ను పొద్దుటి ప్రార్థనకీ గేటుకూ పరిమితం చేశారు. పిల్లలు కొన్ని ఆదివారాలు కర్మన్‌ఘాట్ జాగాకు వచ్చారు. తర్వాత పదో తరగతి, తర్వాత కెప్టెన్‌ను హాస్టల్ ఉన్న ఇంటర్ కాలేజీలో వేశారు. అక్కడ ఆదివారం కూడా స్టడీ అవర్సేనట. ఎడమ అంచు పిల్ల డిగ్రీ కాలేజీ జట్టులో ఆడింది. ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు.

ఆ మరుసటి ఏడాది జూన్‌లో నేను వనస్థలిపురంలో ఇంకో బడికి మారాను. అక్కడ నిజంగానే గ్రౌండ్ ఉంది, గోల్ స్తంభాలతో సహా. సాయంత్రం అందులో మగపిల్లలు ఆడుతుంటే, ఆడపిల్లలు గోడ నీడలో కూర్చుని బ్యాగులు కాపలా కాస్తున్నారు. మొదటి వారం కూడా పూర్తి కాలేదు, ఆ గ్రౌండ్ ఆడపిల్లలకూ కావాలని అడగడానికి అక్కడి ప్రిన్సిపాల్ గదికి పోయాను. లోపల ఎవరో ఉన్నారు, కూర్చోండి అన్నాడు బయట ప్యూన్. నేను కూర్చోలేదు.